మూడో బస్సు ఏమంటోంది? బేస్‌మెంట్‌లో బస్సుల ప్లాటూన్: మా ప్రాజెక్టు డైరీ

సెప్టెంబరు: ఎందుకు మొదలుపెట్టాం

న్యూజెర్సీ నుంచి మన్‌హాటన్‌కు పొద్దున బస్సులో ఆఫీసుకు వెళ్ళేవాళ్ళకు ఎక్స్‌బీఎల్ (ఎక్స్‌క్లూజివ్ బస్ లేన్) గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం రాస్తున్నా. రూట్ 495 మీద, లింకన్ టన్నెల్ దాకా, ఎదురు దిశకు చెందిన ఒక లేన్‌ను పొద్దున 6 నుంచి 10 గంటల దాకా తీసుకుని పూర్తిగా బస్సులకే వదిలేస్తారు. పొడవు రెండున్నర మైళ్ళు. 1970 డిసెంబరులో మొదలైంది. కరోనాకు ముందు ఒక్క పూటలో 1,850కి పైగా బస్సులు, 70,000 మందికి పైగా జనం ఆ ఒక్క లేన్ మీద నది దాటేవారు. అమెరికాలో ఒక లేన్‌తో ఇంతమందిని దాటించే రోడ్డు ఇంకోటి చూపించడం కష్టం.

బాగా రద్దీగా ఉండే గంటలో ఆరేడు వందల బస్సులు పోతాయి. అంటే ఐదు సెకన్లకు కాస్త అటూ ఇటూగా ఒకటి. ఒక్క బస్సు మొరాయించినా వెనక న్యూజెర్సీ టర్న్‌పైక్ హైవే దాకా ఆగిపోవాల్సిందే. పక్కన ఇంకో లేన్ వెయ్యడానికి చోటు లేదు. ఇక మిగిలింది బస్సుకూ బస్సుకూ మధ్య ఎడం తగ్గించడమే. అది మనిషి చేతిలో పెట్టే పని కాదు. అందుకే లింకన్ టన్నెల్‌ను నడిపే సంస్థ పోర్ట్ అథారిటీ ఈ లేన్ కోసం ఆటోమేటెడ్ బస్సుల పరీక్షలు చేపట్టింది. రెండు మూడు బస్సులు కొక్కెం లేకుండా, వైర్‌లెస్‌లో మాట్లాడుకుంటూనే రైలు పెట్టెల్లాగా ఒకదాని వెనక ఒకటి నడవడం, దీన్నే ప్లాటూనింగ్ అంటున్నారు.

ఈ విషయం చదివినకొద్దీ చేత్తో చేసి చూడాలనిపించింది. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అమ్మాయి హైస్కూల్లో రోబోటిక్స్ చేస్తోంది. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మా నాన్నగారు ఆరు నెలల వీసా మీద వచ్చి ఉన్నారు. బేస్‌మెంట్ ఖాళీగా ఉంది. మొదలుపెట్టేశాం.

సెప్టెంబరు ఆఖరు: స్కేలు, సామాన్లు

1:20 స్కేలు అనుకున్నాం. 12 మీటర్ల సిటీ బస్సు 60 సెంటీమీటర్లు అవుతుంది, వెడల్పు పన్నెండున్నర. కాలాన్ని మాత్రం కుదించలేదు. సెకను అంటే సెకనే. అప్పుడు గంటకు 50 కిలోమీటర్ల వేగం మా బేస్‌మెంట్‌లో సెకనుకు సుమారు 70 సెంటీమీటర్లు. రెండు బస్సుల మధ్య అర సెకను ఎడం అంటే నిజం రోడ్డు మీద 7 మీటర్లు, మాకు 35 సెంటీమీటర్లు. ఈ రెండు అంకెలు గోడ మీద రాసి పెట్టుకున్నాం.

బస్సు ఒక్కింటికి సామాను: ఈఎస్‌పీ32 అనే వైర్‌లెస్ ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి, ఎన్‌కోడర్ (ఎంత తిరిగిందో లెక్కపెట్టేది) ఉన్న మోటారు, ముందు చక్రాలు తిప్పడానికి సర్వో, రెండు 18650 రకం రీఛార్జబుల్ బ్యాటరీ సెల్‌లు, ముందు వైపు వీఎల్53ఎల్1ఎక్స్ అనే లేజర్ దూరం సెన్సర్, కింద అయస్కాంతాన్ని పసిగట్టే మూడు హాల్ సెన్సర్లు. బాడీ ఫోమ్ బోర్డుతో కట్టాం. శబ్దంతో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ చవకే గానీ దాని చూపు వెడల్పు, పక్క గోడలన్నీ కనిపిస్తాయి. లేజర్ సెన్సర్ 4 మీటర్ల దాకా చూస్తుంది, సెకనుకు 50 సార్లు చదువుతుంది, పైగా దాని చూపు కోణాన్ని ప్రోగ్రామ్‌లోనే సన్నం చేసుకోవచ్చు. దీనికి ఎండ మాత్రం పడదు. బయట డ్రైవ్‌వే మీద పెడితే మధ్యాహ్నం దాని చూపు బాగా పడిపోతుంది. బేస్‌మెంట్ ఎంచుకోవడానికి అదీ ఒక కారణం.

మోటారుకు నేరుగా ఇంత కరెంటు అని ఇవ్వకుండా, ఎన్‌కోడర్ చూసుకుంటూ ఇంత వేగం అని ఇచ్చే లూప్ రాయాల్సి వచ్చింది. బ్యాటరీ దిగేకొద్దీ బస్సు మెత్తబడుతుంది, మూడు బస్సులు మూడు రకాలుగా. ఈ లూప్ లేకపోతే తర్వాత చేసే ఏ కొలతకూ అర్థం ఉండదు.

ఇంకో పని కావాలనే చేశాం. చిన్న మోటారు చాలా చురుగ్గా స్పందిస్తుంది, నిజం బస్సు అలా స్పందించదు. పెడల్ నొక్కాక ఇంజనో, బ్రేకు గాలో అందుకునేసరికి కొంత ఆలస్యం ఉంటుంది. అందుకని ప్రోగ్రామ్‌లోనే 0.4 సెకన్ల ఆలస్యం కలిపాం. కథంతా ఈ 0.4 చుట్టూనే తిరుగుతుంది.

అక్టోబరు: అయస్కాంతాల రోడ్డు

బస్సు లేన్‌లో తనంతట తను నిలబడటానికి కెమెరా పెట్టొచ్చు, జీపీఎస్ పెట్టొచ్చు. కానీ లింకన్ టన్నెల్ లోపల జీపీఎస్ అందదు. మంచు కురిస్తే రోడ్డు గీతలు కనిపించవు. రోడ్డులో పాతిన అయస్కాంతాలకు ఈ రెండు బాధలూ లేవు. కాలిఫోర్నియాలో బర్కిలీ వాళ్ళ పాత్ పరిశోధన బృందం 1997లో శాన్ డియేగో దగ్గర ఐ-15 మీద ఎనిమిది బ్యూక్ కార్లను ఆరున్నర మీటర్ల ఎడంతో ప్లాటూన్‌గా నడిపింది. వాటికి దారి చూపింది రోడ్డులో 1.2 మీటర్లకు ఒకటి చొప్పున పాతిన అయస్కాంతాలే. 2005లో జపాన్‌లోని ఐచి ఎక్స్‌పోలో టయోటా కంపెనీ ఐఎంటీఎస్ పేరుతో డ్రైవర్ లేని బస్సులను ప్లాటూన్‌గా సందర్శకుల కోసం నడిపింది, అక్కడా అయస్కాంతాలే. 2011 సునామీలో దెబ్బతిన్న కెసెన్నుమా రైలు మార్గాన్ని జపాన్ వాళ్ళు బస్సు మార్గంగా మార్చారు. అందులో ఒక భాగం మీద 2022 డిసెంబరు నుంచి బస్సులు అయస్కాంతాల సాయంతో ఆటోమేటిక్‌గా నడుస్తున్నాయి.

1.2 మీటర్లను 20తో భాగిస్తే 6 సెంటీమీటర్లు. మా రోడ్డు కోసం ఉగాది ఫంక్షన్‌లో మిగిలిపోయిన వినైల్ బ్యానర్లు తెచ్చి, వెనక వైపు పైకి వచ్చేలా పరిచి, అడుగున 6 సెంటీమీటర్లకొకటి చిన్న బిళ్ళ అయస్కాంతాలు అతికించాం. అంటించే పని నాన్నగారిది. ఒక బిళ్ళ పెడుతుంటే చేతిలో ఉన్న కట్ట దాన్ని లాగేసుకునేది. అందుకని ఆయన కట్టను అల్యూమినియం స్కేలుకు అవతల పెట్టి, ఒక్కొక్కదాన్నీ పక్కకు జరిపి తీసి, ఉత్తరం ముఖం మీద ఎర్ర మార్కరుతో చుక్క పెట్టి, టేపు వేసేవారు. ఆ చుక్క అవసరం ఉంది. పాత్ వాళ్ళు అయస్కాంతాల ఉత్తర దక్షిణాలను అటూ ఇటూ తిప్పి, ముందు మలుపు ఎంత ఉందన్న సమాచారాన్ని రోడ్డులోనే రాసి పెట్టారు. మేమూ అలాగే నాలుగు బిళ్ళల కోడ్ పెట్టాం: ఇక్కడ మలుపు మొదలు, ఇక్కడ స్టాపు, ఇక్కడ టన్నెల్.

మూడు హాల్ సెన్సర్లలో ఏది బలంగా చదువుతోందో చూస్తే బస్సు మధ్య నుంచి ఎంత జరిగిందో తెలుస్తుంది. మోటారులో కూడా అయస్కాంతం ఉంటుంది కాబట్టి సెన్సర్లను దానికి దూరంగా ముందు బంపరు కిందికి జరిపాం. బేస్‌మెంట్ మధ్యలో ఇంటి బరువు మోసే ఉక్కు స్తంభం ఒకటి ఉంది. దాని పక్కన రీడింగులు పక్కకు ఒరిగేవి. నిజం రోడ్డులోనూ కాంక్రీటులో ఇనుప ఊచలు, వంతెనల ఉక్కు ఇదే పని చేస్తాయి. ఒక రౌండు మెల్లగా తిప్పి, ఎక్కడ ఎంత ఒరుగుతోందో రికార్డు చేసుకుని, దాన్ని తీసేస్తే సరిపోయింది.

అక్టోబరు చివర: ఒట్టి సెన్సర్‌తో

ఇక్కడి నుంచి అసలు విషయం.

మొదట రేడియో లేకుండా చేశాం. ప్రతి బస్సూ తన ముందున్న బస్సు దూరాన్ని, ఆ దూరం మారే తీరును మాత్రమే చూసి నడవాలి. కొత్త కార్లలో వచ్చే అడాప్టివ్ క్రూజ్ ఇదే. ఎడం అర సెకను పెట్టాం. రెండు బస్సులతో చక్కగా నడిచింది. చూసినవాళ్ళెవరైనా పని అయిపోయిందనే అనుకుంటారు.

మూడో బస్సు పెట్టాక పరీక్ష మొదలైంది. మొదటి బస్సు వేగాన్ని సెకనుకు 70 సెంటీమీటర్ల నుంచి 50కి తగ్గించి మళ్ళీ పెంచమన్నాం. రెండోది దాదాపు 46 దాకా పడింది. మూడోది 41కి దగ్గరగా పోయింది, తర్వాత అందుకోవడానికి ఎగబడి పరిగెత్తింది. ముందు బస్సులో చిన్న కుదుపు వెనక్కి వెళ్ళేకొద్దీ పెరిగింది. అమ్మాయి మూడు గీతలూ ఒకే గ్రాఫ్‌లో వేసింది. మూడో గీత అన్నిటికంటే లోతుగా దిగింది. ఇలాగే వరుసలో ఎనిమిది బస్సులుంటే చివరిది పూర్తిగా ఆగిపోతుంది. హైవే మీద ఏ యాక్సిడెంటూ లేకుండానే ట్రాఫిక్ ఆగి కదిలి ఆగి కదిలే జబ్బుకు మూలం ఇదే.

ఇంజనీర్లు దీన్ని స్ట్రింగ్ స్టెబిలిటీ అంటారు. ముందు బస్సును ఎంత బాగా ఫాలో అవుతున్నాం అన్నది అసలు కొలత కాదు. వరుసలో వెనక్కి పోయేకొద్దీ తేడా తగ్గుతోందా, పెరుగుతోందా అన్నదే కొలత. దీని మీద 1990ల్లో బర్కిలీలో చాలా పని జరిగింది. ఐఐటీ మద్రాసులో చదివి, బర్కిలీలో పీహెచ్‌డీ చేసి, టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో ప్రొఫెసరైన దర్భా స్వరూప్, తన గైడు కార్ల్ హెడ్రిక్‌తో కలిసి 1996లో రాసిన పేపరు ఈ రంగంలో అందరూ చదివేది. ఆ కాలపు పనిలోంచి వచ్చిన ఒక లెక్క మాకు నేరుగా పనికొచ్చింది. ఒట్టి సెన్సర్‌తో నడిచేటప్పుడు, ఎడం బండి స్పందించే ఆలస్యానికి కనీసం రెట్టింపు ఉండాలి. మా ఆలస్యం 0.4, కాబట్టి 0.8 సెకన్లకు తక్కువైతే కుదుపు పెరిగి తీరుతుంది. ప్రోగ్రామ్ ఎంత తెలివిగా రాసినా అంతే.

1.0 సెకను పెట్టి చూశాం. మొదటిది 50కి దిగితే రెండోది 51, మూడోది 52. అలజడి వెనక్కి పోతూ చల్లబడింది. కానీ ఒక సెకను అంటే నిజం రోడ్డు మీద 14 మీటర్లు, ఒక బస్సు పొడవు కంటే ఎక్కువ. అంత ఎడం వదులుకుంటే లేన్‌లో మనకు ఒరిగేది పెద్దగా ఉండదు.

నాన్నగారు అప్పటిదాకా కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. శ్రీశైలం ఘాట్ సర్వీసు చాలా కాలం చేసినాయన. "ముందు బండి బ్రేకు లైటు చూసి బ్రేకు కొడితే ఘాట్‌లో బతకలేంరా. దాని అవతల ఏముందో చూడాలి. ముందువాడు మలుపు తిరిగేటప్పుడు వాడి ముందున్న లారీ కనపడుతుంది. లారీవాడు కాలు తీశాడంటే నువ్వూ తియ్యాలి. వాడు బ్రేకు కొట్టేదాకా ఆగకూడదు" అన్నారు.

మా మూడో బస్సుకు లేనిది సరిగ్గా అదే. దాని లేజర్‌కు రెండో బస్సు వెనక అద్దం తప్ప ఏమీ కనపడదు.

థాంక్స్‌గివింగ్ సెలవులు: బస్సులకు మాట వచ్చింది

ఈఎస్‌పీ32లో ఈఎస్‌పీ-నౌ అనే పద్ధతి ఉంది. రూటర్ అక్కర్లేదు, ఒక బోర్డు చిన్న ప్యాకెట్టును గాల్లోకి వదిలితే చుట్టుపక్కల బోర్డులన్నీ వింటాయి. ప్రతి బస్సూ 20 మిల్లీసెకన్లకోసారి తన నంబరు, ఎన్నో అయస్కాంతం మీద ఉందో, వేగం ఎంతో, ఇప్పుడు తను వేగం పెంచబోతోందో తగ్గించబోతోందో చెబుతుంది. ఈ ఆఖరి ముక్కే ప్రాణం. "తగ్గాను" అని కాదు, "తగ్గబోతున్నాను" అని. మొదటి బస్సులో ఆదేశం పుట్టిన క్షణమే, అది ఇంకా 0.4 సెకన్ల ఆలస్యంలో ఉండగానే, మిగతా రెండింటికీ తెలిసిపోతుంది.

అదే అర సెకను ఎడంతో అదే పరీక్ష మళ్ళీ పెట్టాం. మొదటిది 50కి దిగింది. రెండోదీ మూడోదీ దాదాపు అంతే దిగి, అంతే నెమ్మదిగా లేచాయి. గ్రాఫ్‌లో మూడు గీతలూ ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా జరిగాయి. అమ్మాయి "తాతయ్యా, నువ్వు చెప్పింది వర్కవుట్ అయింది" అని కేకేసింది. నాకు ఆ పూట కలిగిన సంతోషం ఆఫీసు పనిలో ఎప్పుడూ కలగలేదు.

నిజం రోడ్ల మీద బండ్లు మాట్లాడుకునే పద్ధతిలో మామూలుగా సెకనుకు 10 సార్లు సందేశం వెళ్తుంది. అమెరికాలో ఇందుకోసం 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర కొంత స్పెక్ట్రమ్ కేటాయించారు. 2020లో అక్కడి రేడియో తరంగాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ అందులో పెద్ద భాగాన్ని వైఫైకి ఇచ్చి, బండ్లకు 30 మెగాహెర్ట్జ్ మిగిల్చింది. ప్లాటూన్ మీద ఆశ పెట్టుకున్నవాళ్ళకు అది చిన్న విషయం కాదు.

డిసెంబరు మొదట: మాట తెగితే, మధ్యలో ఎవరైనా దూరితే

రేడియో మీద ఆధారపడి ఎడం తగ్గించాక, రేడియో పోతే ఏంటి అన్న ప్రశ్నను తప్పించుకోలేం. దారి పక్కన మైక్రోవేవ్ ఓవెన్ పెట్టి, గ్లాసుడు నీళ్ళతో ఆన్ చేశాం. అదీ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది కాబట్టి ప్యాకెట్లు బాగా పోయాయి.

మేము పెట్టిన నియమం ఇది. 100 మిల్లీసెకన్లు మాట వినపడకపోతే, ఎడాన్ని 0.5 నుంచి 1.0 సెకనుకు మెల్లగా పెంచుకోవాలి. అంటే ఒట్టి సెన్సర్ మీద నడిచినా కుదుపు పెరగని చోటికి వెనక్కి తగ్గాలి. సడన్ బ్రేక్ కొట్టకూడదు. ఇందులో తమాషా ఏమిటంటే, మాట ఒకేసారి అందరికీ తెగితే రెండో బస్సు 35 సెంటీమీటర్లు వెనక్కి జరగాలి, మూడోది తన వాటా కలుపుకుని 70 జరగాలి. అదే సమయంలో. భారమంతా మళ్ళీ మూడోదాని మీదే. కాబట్టి ఎడం పెంచే వేగాన్ని మూడోదాన్ని బట్టే నిర్ణయించాం, రెండోదాన్ని బట్టి కాదు.

మధ్యలో దూరడం ఇంకో కథ. 7 మీటర్ల ఖాళీ కనిపిస్తే మన ఊళ్ళో ఆటో ఆగుతుందా? ఎక్స్‌బీఎల్‌లో బయటి బండ్లు రావు గానీ, మామూలు రోడ్డులో వస్తాయి. అమ్మాయి ఒక బొమ్మ కారుకు దారం కట్టి, మొదటి రెండు బస్సుల మధ్యకు పక్క నుంచి లాగేది.

దీన్ని పట్టుకోవడానికి అయస్కాంతాలు అక్కరకొచ్చాయి. మొదటి బస్సు తను ఎన్నో అయస్కాంతం మీద ఉందో చెబుతోంది, రెండోదానికి తన నంబరు తెలుసు. రెండింటి తేడాను 6 సెంటీమీటర్లతో గుణించి, బస్సు పొడవు తీసేస్తే మధ్య ఎడం వచ్చేస్తుంది. లేజర్ సెన్సర్ కూడా అదే ఎడం చూపించాలి. లెక్క 35 అంటుంటే లేజర్ 15 అంటే, మధ్యలో మూడోవాడెవడో ఉన్నట్టే. ఆ క్షణమే ప్లాటూన్ రెండుగా విడిపోవాలి. కొత్తగా దూరినవాడి వెనక రెండో బస్సు మామూలు క్రూజ్‌లోకి, ఒక సెకను ఎడానికి మారుతుంది, మూడోది దాని వెనకే ఉంటుంది. దూరినవాడు వెళ్ళిపోయాక మళ్ళీ కలుస్తాయి.

మలుపుల్లో ఇదే లెక్క తిరగబడి ఉపయోగపడింది. మలుపులో ముందు బస్సు లేజర్ చూపు నుంచి పక్కకు తప్పుకుంటుంది, సెన్సర్ అవతల గోడను చూసి దారి ఖాళీ అనుకుంటుంది. అప్పుడు అయస్కాంతాల లెక్కనే నమ్మమని చెప్పాం. లింకన్ టన్నెల్‌కు దిగే ముందు రోడ్డు గుండ్రంగా తిరిగే చోటు గుర్తొచ్చినప్పుడల్లా, ఒట్టి సెన్సర్ మీద ప్లాటూన్ నడపడం అయ్యే పని కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

క్రిస్మస్ సెలవులు: బ్రేకు లెక్క, ఎవరు ముందు

7 మీటర్ల ఎడంతో 50 కిలోమీటర్ల వేగం అంటే వినేవాళ్ళకు టెన్షనే. మా ఆవిడ మొదట అడిగింది కూడా ఇదే. కాగితం మీద లెక్క వేశాం.

50 కిలోమీటర్లంటే సెకనుకు 13.9 మీటర్లు. ముందు బస్సు గట్టిగా, అంటే ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గేలా బ్రేకు కొడితే 19.3 మీటర్లలో ఆగుతుంది. వెనక బస్సు బ్రేకులు కొంచెం బలహీనం, 4 మీటర్ల చొప్పున అనుకుందాం. దానికి 24.1 మీటర్లు పడుతుంది. తేడా 4.8. సందేశం అందడానికి 0.1 సెకను ఆలస్యమైతే ఇంకో 1.4. మొత్తం 6.2 మీటర్లు. 7లో ముప్పావు మీటరు మిగిలింది, తగల్లేదు. అదే మనిషి చూసి కాలు వేసేసరికి ఒక సెకను పడితే, దానికే 13.9 మీటర్లు పోతాయి.

ఈ లెక్కలో పెద్ద ముక్క రేడియో ఆలస్యం కాదు, బ్రేకుల తేడా. అందుకే ప్లాటూన్‌లో ఎవరు ముందుండాలన్నది అంత ముఖ్యం. అందరికంటే ఆలస్యంగా ఆగే బస్సు, అంటే బ్రేకులు మెత్తగా ఉన్నదో, ఫుల్లు లోడుతో ఉన్నదో, అది ముందుండాలి. వెనక ఉన్నవి దానికంటే గట్టిగా ఆగగలిగినవి కావాలి. మా రెండో బస్సుకు బ్యాటరీలు అదనంగా కట్టి బరువు పెంచి, ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి చూశాం. వెనక పెట్టినప్పుడు ఆగాక మిగిలిన ఎడం కళ్ళకు కనిపించేంత తగ్గింది.

జపాన్‌లో రైల్వే కంపెనీ జేఆర్ వెస్ట్, టెలికాం కంపెనీ సాఫ్ట్‌బ్యాంక్ కలిసి చేస్తున్న పని మీద నాకు గౌరవం పెరిగింది ఇక్కడే. షిగా రాష్ట్రంలోని యాసులో టెస్ట్ ట్రాక్ కట్టి 2021 నుంచి పరీక్షలు చేశారు. ఒకే రకం బస్సులు కాదు, మధ్యలో మడత ఉండే ఆర్టిక్యులేటెడ్ బస్సు, పెద్ద బస్సు, చిన్న బస్సు కలిపి. తర్వాత 2023 చివర్లో హిగాషి హిరోషిమాలో పబ్లిక్ రోడ్డు మీదికి తెచ్చారు. రకరకాల బస్సులను ఒక వరుసలో పెట్టడం అంటే రకరకాల బ్రేకులను ఒక లెక్కలోకి తేవడమే.

గట్టి బ్రేకు సరే, నిలబడ్డవాళ్ళ సంగతి? నాన్నగారు వదిలిపెట్టని ప్రశ్న ఇది. "సీటులో కూర్చున్నవాడి కోసం బ్రేకు కొట్టేవాడు డ్రైవరే కాదు" అంటారు. అమ్మాయి బస్సులో బొమ్మలు నిలబెట్టి, పడిపోతాయో లేదో చూద్దామంది. మంచి ఆలోచనే గానీ మా స్కేలులో కుదరదు. దూరాలు 20వ వంతుకు తగ్గాయి, కాలం తగ్గలేదు, కాబట్టి బ్రేకు ఊపు కూడా 20వ వంతే ఉంటుంది. గురుత్వాకర్షణ మాత్రం తగ్గలేదు. నిజం బస్సులో మనిషి తూలిపడే బ్రేకుకు మా బస్సులో బొమ్మ కదలను కూడా కదలదు.

అందుకని ఇంకో దారి పట్టాం. నా ఫోన్లో యాక్సిలరోమీటర్ (వేగం మారే తీరు కొలిచేది) ఆన్ చేసి, ఆఫీసు బస్సులో ఒళ్ళో పెట్టుకుని రికార్డు చేశాను. మామూలుగా బస్సు ఆగేటప్పుడు సెకనుకు సెకనుకు ఒక మీటరు, ఒకటిన్నర మీటర్ల మధ్యలో ఉంది. అంతకు మించితే నిలబడ్డవాళ్ళు రాడ్డు గట్టిగా పట్టుకోవడం కనిపించింది. మా మోడల్ రికార్డులను 20తో గుణించి ఆ గీతతో పోల్చాం. మాట తెగినప్పుడు ఎడం పెంచుకునే పని ఈ హద్దు లోపలే జరగాలని ప్రోగ్రామ్‌లో కట్టేశాం. ఒకటిన్నర మీటర్ల హద్దుతో 50 కిలోమీటర్ల నుంచి ఆగాలంటే 64 మీటర్లు కావాలి. సరుకు లారీలకు ఈ బెడద లేదు. నిలబడ్డ జనం ఉన్న బస్సుకు, లారీ ప్లాటూన్‌కు రాసిన ప్రోగ్రామ్ తెచ్చి పెడితే చాలదని నా అభిప్రాయం.

సంక్రాంతి తర్వాత: స్టాపు

ఎక్స్‌బీఎల్‌లో స్టాపులు లేవు, ఎక్కువ బస్సులు మన్‌హాటన్‌లోని పోర్ట్ అథారిటీ బస్ టెర్మినల్‌కే పోతాయి. ఆ టెర్మినల్ 1950లో తెరిచింది, ఇప్పుడు దాని స్థానంలో కొత్తది కడుతున్నారు. ఎక్కువ బస్సు మార్గాలు మాత్రం స్టాపులతోనే నడుస్తాయి. దగ్గర్లోని కనెక్టికట్ రాష్ట్రంలో న్యూ బ్రిటన్ నుంచి హార్ట్‌ఫర్డ్‌కు 2015లో తెరిచిన సీటీఫాస్ట్రాక్ అనే బస్సు మార్గం ఉంది, 9.4 మైళ్ళు, పూర్తిగా బస్సులకే. ఆటోమేటెడ్ ఎలక్ట్రిక్ బస్సులను ప్లాటూన్‌గా నడపాలని, ప్లాట్‌ఫారానికి ఆనించి ఆపాలని అక్కడ ఒక ప్రాజెక్టు తలపెట్టారు. అందుకే మా దారిలోనూ ఒక స్టాపు కట్టాం, మూడు బస్సులు పట్టేంత పొడవు ప్లాట్‌ఫారంతో.

బస్సు 30 సెకన్లు ఆగి, అది కదిలి తర్వాతది వచ్చేసరికి ఇంకో 15 సెకన్లు పడుతుందనుకుంటే, ఒక బెర్తులో, అంటే ఒక బస్సు ఆగే చోటులో, గంటకు 80 బస్సులు. మూడు బెర్తులు వరుసగా కడితే 240 రావాలి గానీ రావు. ముందు బస్సు కదలనిదే వెనకది కదల్లేదు, మధ్య బెర్తు ఖాళీ అయినా అక్కడికి చేరే దారి ఉండదు. మూడు బెర్తులు కట్టినా రెండున్నర బెర్తుల పనే జరుగుతుందని ట్రాన్సిట్ ఇంజనీర్ల లెక్క. మూడు బస్సులూ ఒకేసారి వచ్చి, ఒకేసారి కదిలితే ఆ పోయిన అరను తిరిగి రాబట్టుకోవచ్చు. ప్లాటూన్ లాభం హైవే మీద కంటే స్టాపులోనే ఎక్కువని నాకు నమ్మకం కుదిరింది ఇక్కడే.

దానికి ఒక షరతు ఉంది. మూడు బస్సుల్లో ఏది ఆలస్యమైతే మిగతా రెండూ దాని కోసం ఆగాలి. ఒక బస్సులో వీల్‌చెయిర్ ర్యాంపు దించాల్సి వస్తే మూడూ నిలబడతాయి. మా ప్రోగ్రామ్‌లో అందుకు రెండు పద్ధతులు పెట్టి చూస్తున్నాం. ఆలస్యమైంది చివరి బస్సైతే ముందు రెండూ వెళ్ళిపోతాయి, అది తర్వాతి ప్లాటూన్‌తో కలుస్తుంది. ముందు బస్సైతే ఆగక తప్పదు.

నాన్నగారు ఇంకోటి అన్నారు. "ఒకే రూటు బస్సులు రెండు కలిసొస్తే ముందుది కిక్కిరిసి ఉంటుంది, వెనకది ఖాళీగా వస్తుంది. నువ్వు కావాలని మూడు కలిపి పంపిస్తే జనం మొదటి దాన్నే ఎక్కుతారు కదరా?" బరువైన బస్సు ముందుండటం బ్రేకుల లెక్కకు మంచిదే, కానీ జనం సుఖానికి మంచిది కాదు. దీనికి జవాబు ప్రోగ్రామ్‌లో లేదు, ప్లాట్‌ఫారం మీద ఉంది. ఏ బస్సులో ఎంత చోటుందో ఎక్కేవాళ్ళకు ముందే బోర్డు మీద కనపడాలి, గేట్లు మూడు చోట్ల సమంగా ఉండాలి.

ప్లాట్‌ఫారానికి ఆనడం బాగా కుదిరింది. ఒరెగాన్‌లోని యూజీన్ నగరంలో 2013లోనే అయస్కాంతాల సాయంతో మామూలు ప్రయాణికుల బస్సును స్టాపుకు ఆనించి చూపించారు. మేము స్టాపు ముందు అయస్కాంతాల వరుసను మెల్లగా ప్లాట్‌ఫారం వైపు ఒరిగేలా అతికించాం. ముందు తలుపు దగ్గర చక్కగా ఆనుతోంది. వెనక తలుపు దగ్గర ఇంకా కొంచెం ఖాళీ మిగులుతోంది, ఎందుకంటే సెన్సర్లు ముందు బంపరు కిందే ఉన్నాయి, వెనక ఇరుసు ఎక్కడుందో బస్సుకు తెలియదు. వెనక కూడా మూడు హాల్ సెన్సర్లు పెట్టాలి.

నాన్నగారు వైజాగ్ బీఆర్‌టీఎస్ (బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్) గురించి అడిగారు. పెందుర్తి వైపు, సింహాచలం వైపు వేసిన ఆ రోడ్లలో బస్సులకు వేరే లేన్లు వేశారు. అడ్డంకి లేన్ వెయ్యడం కాదు, ఆ లేన్‌లోకి ఇంకెవరూ రాకుండా చూడటం. అది లేకపోతే మా బొమ్మ కారు పరీక్షలో జరిగినట్టు ప్లాటూన్ నిమిషానికోసారి విడిపోతూనే ఉంటుంది. హైదరాబాద్ దగ్గర కంది ఐఐటీలో 2022లో ప్రారంభమైన టిహాన్ టెస్ట్‌బెడ్‌లో డ్రైవర్ లేని బండ్లను మన రోడ్ల తీరుకు తగ్గట్టు పరీక్షిస్తున్నారు. మన దగ్గర ఈ పని మొదలవ్వాలంటే అలాంటి చోటే మొదలవ్వాలి. అక్కడ చదువుకునేవాళ్ళెవరైనా మూడు బస్సులతో ఇది చేసి చూస్తే మా కోడ్ అంతా ఇవ్వడానికి సిద్ధం.

తర్వాత చెయ్యాల్సినవి: వెనక హాల్ సెన్సర్లు, నాలుగో బస్సు. నాలుగోది ఆర్టిక్యులేటెడ్ బస్సు, 90 సెంటీమీటర్ల పొడవు. దాన్ని ముందు పెట్టి ఒకసారి, చివర పెట్టి ఒకసారి కుదుపు పరీక్ష చెయ్యాలి. మడత కీలు కోసం అమ్మాయి ఇప్పటికే మూడు డిజైన్లు ప్రింట్ చేసింది, రెండోది గట్టిగా నిలబడుతోంది. నాన్నగారి తిరుగు టికెట్ మార్చిలో ఉంది, ఆలోగా దాన్ని దారి మీద పెట్టాలని చూస్తున్నాం.